మన సీమ చెరువుల్లో వలస పక్షులు వెళ్లిపోయేది ఎట్లా చూడాలి, ఎట్లా రాసిపెట్టుకోవాలి

ఫిబ్రవరి సగం దాటిందంటే చాలు, అందరిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, ఎండాకాలం వలస పక్షులు ఎప్పుడొస్తాయి, చూడాలంటే యాడికి పోవాల?" అనంతపురం వాళ్లు అడుగుతారు, కర్నూలు వాళ్లు అడుగుతారు, కడప వాళ్లయితే ఫొటో పెట్టి మరీ అడుగుతారు. ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి నోరు నొస్తోంది, అందుకే అంతా ఒకచోట రాసేస్తున్నా.

మొదటగా, ఈ కాలంలో మన దగ్గర వలస అంటే పక్షులు రావడం కాదు, పోవడం. అక్టోబరు, నవంబరు ప్రాంతంలో ఉత్తరం నుంచి దిగిన బాతులు, ఉల్లంకి పిట్టలు (బురదలో తిండి ఏరుకునే శాండ్‌పైపర్ లాంటివి), గద్దలు తిరుగు ప్రయాణం కట్టేది ఇప్పుడే. ఏదో ఒక ఆదివారం పోయి చూసొద్దాం అనుకుంటే ఎండ దెబ్బ తప్ప ఏమీ దక్కదు. ఒకే చెరువుకి వారం వారం పోవాల, పోయిన వారం ఉన్నది ఈ వారం లేదు అని మీ కంటితో మీరు తేల్చుకోవాల. అదీ అసలు సంగతి. అందుకే "మంచి ప్లేస్ చెప్పన్నా" అని అడిగినవాళ్లందరికీ నాది ఒకటే జవాబు, మీ ఇంటికి దగ్గరున్న చెరువే మంచి ప్లేస్.

కావాల్సినవి

బైనాక్యులర్స్ ఉంటే 8×42 తీసుకోండి. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా కనిపిస్తుందో, 42 అంటే ముందున్న అద్దం ఎన్ని మిల్లీమీటర్లో. 10×42 ఇంకా దగ్గరగా చూపిస్తుంది గానీ చెయ్యి వణుకు కూడా అంతే పెద్దదిగా కనిపిస్తుంది, కొత్తవాళ్లకి 8 నయం. జాతరలో దొరికే ఎర్ర అద్దాల బైనాక్యులర్స్ మాత్రం వద్దు, తలనొప్పి. అసలు లేకపోయినా ఫర్వాలేదు, జూమ్ ఉన్న కెమెరా చాలు, అదీ లేకపోతే కొంగలు, పెద్ద బాతులతో మొదలుపెట్టండి.

ఒక చిన్న నోట్‌బుక్, పెన్సిల్ (చెమట పడితే పెన్ను ఇంకు అలుక్కుపోతుంది). ఫోన్లో పక్షి కూత విని పేరు చెప్పే మెర్లిన్, చూసిన పక్షుల లెక్క ఎక్కించే ఈబర్డ్ యాప్‌లు, రెండూ ఉచితమే. ఇండియా పక్షుల ప్యాక్ ఇంట్లో వైఫై మీదే దించుకోండి, చెరువు కట్ట మీద సిగ్నల్ ఉండదు. రెండు లీటర్ల నీళ్లు, టోపీ లేదా తువ్వాలు, మడమలు కప్పే బూట్లు. బట్టలు మట్టి రంగువి వేసుకోండి, తెల్ల చొక్కా వేసుకుని పోతే బాతులు మీకంటే ముందే మిమ్మల్ని చూసేస్తాయి.

1. చెరువు ఎంచుకోండి

డ్యాం లాంటి లోతు నీళ్లు కాదు, నీళ్లు ఇంకిపోతూ అంచున బురద బయటపడుతున్న చెరువు కావాల. ఉల్లంకి పిట్టలకి తిండి ఆ బురదలోనే. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం, శింగనమల, ఇంకా కిందికి పోతే ధర్మవరం, బుక్కపట్నం చెరువులు, కర్నూలు వైపు గాజులదిన్నె, సుంకేసుల, అలగనూరు, కడప వైపు ఒంటిమిట్ట చెరువు, మైలవరం, ఇవన్నీ చూడదగ్గవే, డ్యాంలైన చోట మాత్రం నీళ్లు తగ్గి బురద బయటపడ్డ అంచు చూసుకోండి. కానీ పేరున్న చెరువు నలభై కిలోమీటర్ల దూరంలో ఉండి మీ ఊరి చెరువు రెండు కిలోమీటర్లలో ఉంటే ఊరి చెరువే ఎంచుకోండి, ఎందుకంటే ప్రతివారం పోగలిగేది దానికే.

పొద్దున చూడాలంటే సూర్యుడు మీ వీపు వెనక ఉండాల, అంటే చెరువుకి తూర్పు గట్టున నిలబడి పడమరకి చూడాల. సాయంత్రమైతే పడమటి గట్టు. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే, బండి ఎక్కడ ఆగితే అక్కడ కట్ట ఎక్కి నిలబడతారు, ఎదురెండలో అన్నీ నల్లగా కనిపిస్తాయి, "అన్నీ నీటికాకులే ఉన్నాయి" అని వచ్చేస్తారు.

హెచ్చరిక: ఎండిన బురద పైన పెచ్చు కట్టి గట్టిగా కనిపిస్తుంది, కింద మోకాలి దాకా దిగబడుతుంది. గొర్రెలు నడిచిన దారి వదిలి లోపలికి పోవద్దు. మరువ పక్కన రాళ్లలో, తూము దగ్గర గడ్డిలో పింజరి పాములు ఉంటాయి, చూడకుండా చెయ్యి పెట్టొద్దు, కూర్చోవద్దు.

2. నెలను బట్టి ఏం వెతకాలో తెలుసుకోండి

ఫిబ్రవరి చివర నుంచి మార్చి: ముందు పోయేది పెద్ద బాతులు. తల వెనక రెండు నల్ల గీతలున్న బూడిద రంగు బార్ హెడెడ్ గూస్ మీ చెరువులో దిగి ఉంటే మార్చిలో ప్రతివారం లెక్కపెట్టండి, హిమాలయాలు దాటి టిబెట్, మంగోలియా వైపు పోయే జాతి అది. పగలు నీళ్లలో, ఒడ్డున నిద్రపోతూ ఉంటాయి, మేతకి రాత్రి పొలాలకి పోతాయి, కాబట్టి పొద్దున్నే లేదా పొద్దుగూకే ముందు చూడండి. సూదితోక బాతులు, చెంచా లాంటి ముక్కున్న షోవెలర్లు కూడా ఈ నెలలోనే పల్చబడతాయి. నల్లరేగడి పొలాల మీద కిందికంటా తేలుతూ తిరిగే హారియర్ గద్దలు కూడా ఏప్రిల్ వచ్చేసరికి సర్దుకుంటాయి.

మార్చి చివర, ఏప్రిల్: నాకైతే అన్నిటికంటే ఇష్టమైన సమయం ఇదే. పోయే ముందు పక్షులు కొత్త ఈకలు వేస్తాయి. చలికాలమంతా బూడిద రంగులో ఉన్న గాడ్విట్ అనే పొడుగు ముక్కు ఉల్లంకి పిట్టకి మెడ, రొమ్ము ఇటుక రంగు తిరుగుతుంది, తోక ఊపుతూ తిరిగే పసుపు వాగ్‌టెయిల్ నిజంగానే పసుపు పచ్చగా మారుతుంది. గులాబీ గోరింకలు, అదే రోజీ స్టార్లింగ్‌లు, గుంపులు గుంపులుగా రావి, మర్రి పళ్ల మీద, పూసిన మోదుగుల మీద వాలి గోల గోల చేసి, నెలాఖరుకి మధ్య ఆసియా దారి పడతాయి. గార్గనీ బాతులు అన్నిటికంటే ఆలస్యంగా పోతాయి, మగదానికి కన్ను మీద మందంగా తెల్ల కనుబొమ్మ ఉంటుంది.

మే: ఏవో కొన్ని శాండ్‌పైపర్లు మిగులుతాయి. పోయే దారిలో పొన్నంకి పిట్ట ఒక్కోసారి పెరట్లో దిగుతుంది, దాని సంగతి చివర్లో చెప్తా.

3. టైము

మార్చి మొదట్లో పొద్దు ఆరున్నరకి అటూ ఇటూ పొడుస్తుంది, మే వచ్చేసరికి ఆరుకి ముందే. పొద్దు పొడిచేసరికి గట్టు మీద ఉండండి. తొమ్మిది దాటితే నీళ్ల మీద వేడి ఆవిరి ఆడి ఎంత మంచి బైనాక్యులర్స్ అయినా బొమ్మ వణుకుతుంది. ఏప్రిల్లో పది తర్వాత చెరువు గట్టున ఉండటం పక్షుల పిచ్చి కాదు, ఉత్త పిచ్చి.

4. బైనాక్యులర్స్ మీ కంటికి సెట్ చేసుకోండి

సగం మంది ఇది చెయ్యరు, తర్వాత "మసగ్గా ఉంది, చెడిపోయింది" అంటారు. ముందు రెండు గొట్టాలూ దగ్గరికీ దూరానికీ వంచి ఒకే గుండ్రం కనిపించేదాకా సరిచేయండి. కుడి అద్దాన్ని చేత్తో మూసి, ఎడమ కంటితో దూరంగా ఒక కరెంటు స్తంభాన్ని చూస్తూ మధ్య చక్రం తిప్పండి, స్పష్టంగా వచ్చాక ఆపండి. ఇప్పుడు ఎడమది మూసి, మధ్య చక్రం ముట్టకుండా కుడి కంటి దగ్గరుండే రింగు మాత్రమే తిప్పి అదే స్తంభాన్ని స్పష్టం చేసుకోండి. ఆ రింగు ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకోండి, అది మీ కంటి లెక్క, మళ్లీ మార్చే పని లేదు. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పులు లోపలికి తిప్పేయండి.

చెక్ చేసుకునేది ఎట్లాగంటే, కరెంటు తీగ మీద కూర్చున్న పాలపిట్టని చూడండి, ముక్కు అంచు గీసినట్టు కనిపిస్తే సరిపోయింది.

ఇంకొకటి, ముందు ఉత్త కంటితో పక్షిని చూసి, చూపు మరల్చకుండా బైనాక్యులర్స్ కంటి దగ్గరికి తెచ్చుకోవాల. వాటితోనే ఆకాశమంతా వెతికితే ఏమీ దొరకదు.

5. మొదటి పది నిమిషాలు ఊరికే నిలబడండి

మీరు పోగానే దగ్గరున్నవి లేస్తాయి. వెంటపడొద్దు. కదలకుండా ఉంటే మళ్లీ వచ్చి దిగుతాయి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు, పోయే ముందు ఈ పిట్టలు రాత్రీ పగలూ తిని ఒంట్లో కొవ్వు పోగు చేసుకుంటాయి, వేల కిలోమీటర్ల దారికి అదే పెట్రోలు. ఇరవై ముప్పై గ్రాముల లిటిల్ స్టింట్ ఉత్తర ధ్రువం దగ్గరి టండ్రా దాకా పోవాల, దాన్ని ఫొటో కోసం నాలుగుసార్లు లేపితే ఆ పొద్దు తిన్నదంతా ఖర్చయిపోయినట్టే.

తర్వాత ఎడమ నుంచి కుడికి మెల్లగా చూసుకుంటూ రండి. ముందు నీళ్ల మధ్య, తర్వాత అంచు బురద, తర్వాత గట్టు తుమ్మచెట్లు, చివర పైకి ఆకాశం. ఆకాశం మర్చిపోతారు అందరూ, వానకోయిలలు, గద్దలు అక్కడే ఉంటాయి.

6. గుర్తుపట్టేటప్పుడు రంగుతో మొదలుపెట్టొద్దు

ముందు సైజు: పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా, కొంగంతా? తర్వాత ముక్కు పొడవు, కాళ్ల రంగు, ఏం చేస్తోంది. రంగు చివర.

ఎక్కువగా తికమక పెట్టేది మూడు శాండ్‌పైపర్లు. బురదలో నడుస్తూ ఒకటే తోక పైకీ కిందికీ ఊపుతూ, భుజం దగ్గర తెల్లగా చీలినట్టు ఉంటే అది కామన్ శాండ్‌పైపర్. వీపు మీద చుక్కలు చుక్కలుగా, కంటి మీద తెల్ల గీత పొడుగ్గా, కాళ్లు పసుపుగా ఉంటే వుడ్ శాండ్‌పైపర్. వీపు బాగా ముదురు, లేచి ఎగిరినప్పుడు నడుం దగ్గర తెల్లగా మెరిసి కీచుమని అరుచుకుంటూ పోతే గ్రీన్ శాండ్‌పైపర్, ఇది గుంపులో కంటే ఒంటరిగానే ఎక్కువ. ఈ మూడూ విడదీయడం వస్తే మిగతావి మెల్లగా వస్తాయి.

7. లెక్క పెట్టండి, రాయండి

"చాలా ఉన్నాయి" అని రాస్తే ఎందుకూ పనికిరాదు. గుంపు పెద్దదైతే పదింటిని నిజంగా లెక్కపెట్టి, అంత జాగా ఎన్నిసార్లు పడుతుందో చూసి గుణించుకోండి. నోట్‌బుక్‌లో ఇట్లా ఉంటే చాలు:

మార్చి రెండో ఆదివారం, 6:30 నుంచి 8:15, మరువ పక్క. సూదితోక బాతు 40. షోవెలర్ 15. వుడ్ శాండ్‌పైపర్ 22. బార్ హెడెడ్ గూస్ 0 (పోయిన వారం 9). నీళ్లు పోయినసారి కంటే ఇరవై అడుగులు వెనక్కి పోయాయి.

ఆ సున్నా చూశారా, అది ఖచ్చితంగా రాయాలి. ఎప్పుడు పోయిందో తెలిసేది దాని వల్లే.

ఈబర్డ్‌లో ఎక్కిస్తే ఇంకా మంచిది. ఒకేచోట నిలబడితే స్టేషనరీ, నడిస్తే ట్రావెలింగ్ పెట్టండి, నడిచిన దూరం సరిగ్గా ఇవ్వండి. "గుర్తుపట్టిన పక్షులన్నీ రాశారా" అని అడుగుతుంది, కాకులు, గోరింకలు కూడా రాసి ఉంటేనే అవును అని చెప్పండి. అరుదైనవి మాత్రమే ఏరుకుని రాసి అవును కొడతారు చాలామంది, దాంతో ఆ లిస్టు తప్పు లెక్క అవుతుంది. గూళ్లు కనిపిస్తే మాత్రం ఎక్కడున్నాయో ఎవరికీ చెప్పొద్దు, ఫొటో పెట్టొద్దు.

ఎక్కువగా జరిగే తప్పులు

తెల్ల కొంగ కనిపిస్తే సైబీరియా కొంగ అనడం. మన హిందూపురం వైపు వీరాపురంలో ఏటా చింతచెట్ల మీద గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగల్ని కూడా సైబీరియా నుంచి వచ్చాయనే రాస్తారు, చెప్తారు. అవి పెయింటెడ్ స్టార్క్‌లు, మన దేశం పక్షులే, నీళ్లూ తిండీ చూసుకుని దేశంలోపలే తిరుగుతుంటాయి. అసలు సైబీరియా క్రేన్ ఇండియాలో చివరగా కనిపించింది 2002లో, అదీ రాజస్థాన్ భరత్‌పూర్‌లో. వీరాపురం వాళ్లు ఆ కొంగల్ని తరతరాలుగా కాపాడుకుంటున్నది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం, అక్కడికి పోతే చెట్ల కింద హడావిడి చెయ్యొద్దు, పిల్లలు గూట్లోంచి పడిపోతాయి.

ఏప్రిల్ వచ్చాక "అన్నా, బంగారు రంగు కొంగ కొత్తగా వచ్చింది" అని ఫొటోలు మొదలవుతాయి. అది బర్రెల వెనక తిరిగే మామూలు కొంగే, జతకట్టే కాలానికి తలా మెడా నారింజ రంగు తిరుగుతాయి. గుంట పక్కన మట్టి రంగులో కూర్చునే గుడ్డికొంగ కూడా అంతే, వీపు ముదురు ఎరుపైపోతుంది. వలసకీ వీటికీ సంబంధం లేదు.

బొల్లికోళ్లని బాతుల్లో కలిపి లెక్కపెట్టడం ఇంకొకటి. ఒళ్లంతా నల్లగా, నుదుట తెల్లగా ఉంటే బాతు కాదు. అట్లాగే ముక్కు చివర పసుపు ఉన్న పెద్ద గోధుమ బాతు స్పాట్ బిల్డ్ డక్, అది ఏడాదంతా ఇక్కడే ఉంటుంది, మే నెలలో అది కనిపిస్తే "ఇంకా పోలేదు" అని రాసుకోవద్దు.

మెర్లిన్ ఫోన్లో పేరు చూపించింది కదా అని రాసేయడం. లారీ హారన్లు, మైకుల మధ్య అది బోల్తా పడుతుంది, ఒక పిట్ట ఇంకో పిట్ట గొంతు మిమిక్రీ చేసినా అంతే. యాప్ చెప్పింది ఎటు చూడాలో తెలుసుకోవడానికి మాత్రమే, కంటితో చూశాకే రాయండి. ఫోన్లో కూత వినిపించి పిట్టని దగ్గరికి రప్పించే పని అసలే వద్దు.

మీరు రాసింది సరైందేనా, ఎట్లా చూసుకోవాలి

ప్రతి పేరుకీ మూడు గుర్తులు చెప్పగలగాలి, రెండే ఉంటే పేరు పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి, అందులో సిగ్గేమీ లేదు. ఈబర్డ్‌లో మీ జిల్లా పేరు కొట్టి నెలవారీ గీతల చార్టు తీయండి, మీరు చూసింది ఆ నెలలో ఇంతకుముందు ఎవరికైనా కనిపించిందా తెలుస్తుంది, ఎవరికీ కనిపించలేదంటే తప్పని కాదు గానీ ఫొటో కావాల. వేరేవాళ్లని అడిగేటప్పుడు ఫొటో ఒక్కటే పంపండి, "ఇది గార్గనీయే కదన్నా" అని అడిగితే ఎదుటివాళ్లు సగం మంది అవుననేస్తారు. ఇక ఒక పక్షి పోయిందని రాయాలంటే వరుసగా రెండు వారాలు కనిపించకూడదు, ఒక్క వారం లేదంటే పక్క చెరువుకి పోయి ఉండొచ్చు.

అడవులకి, డ్యాంలకి పోతే

రోళ్లపాడు గడ్డిమైదానం (కర్నూలు జిల్లాలో ఉండేది, ఇప్పుడు నంద్యాల) చలికాలంలో హారియర్ గద్దలకి మంచి చోటు, మార్చి సగం లోపు పోతేనే ఉపయోగం. బట్టమేక పక్షి కోసమని పోతే నిరాశే. కడప లంకమల అడవిలోకి అటవీశాఖ పర్మిషన్ లేకుండా అడుగు పెట్టొద్దు, ఎర్రచందనం ఉన్న అడవి అది, మెడలో బైనాక్యులర్స్ వేసుకుని తెల్లారుజామున తిరుగుతుంటే ఎవరికైనా అనుమానమే. అంతరించిపోయిందనుకున్నాక 1986లో మళ్లీ బయటపడిన కలివికోడి ఉన్నది అక్కడే, కానీ అది వలస పక్షి కాదు, రాత్రిపూట టార్చి వేసుకుని దాన్ని వెతకడం మన పని కాదు. డ్యాంల దగ్గర పెద్ద లెన్సు బయటికి తీసే ముందు అక్కడి సిబ్బందిని అడగండి.

వలలు, ఉచ్చులు పెట్టినవాళ్లు కనిపిస్తే గొడవకి దిగొద్దు, జాగా గుర్తు పెట్టుకుని ఫారెస్టు వాళ్లకి ఫోన్ చేయండి, 1972 చట్టం ప్రకారం అది నేరం. నాలుగైదు పక్షులు ఒకేచోట చచ్చి పడి ఉంటే చేత్తో ముట్టకుండా పశువుల ఆసుపత్రికి చెప్పండి.

చెరువు ఎండిపోతే, లేదా పోవడానికి కుదరకపోతే

మన దగ్గర ఇది మామూలే. బోర్ల కింద తడి పెట్టిన మడి ఒకటి చూసుకోండి, వాగ్‌టెయిళ్లు అక్కడికే చేరతాయి. ఊరి రావిచెట్టు పళ్లకొచ్చిందేమో చూడండి. మిద్దె మీద అయితే వెడల్పు మట్టి మూకుడులో రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి, రోజూ మార్చి, పొద్దున ఒక అరగంట ఒకే టైముకి కూర్చోండి. వేపచెట్టులోంచి చలికాలమంతా "చక్ చక్" అని నాలుక చప్పరించినట్టు వినిపించే బ్లిత్స్ రీడ్ వార్బ్లర్ ఏ రోజు నుంచి వినిపించడం మానేసిందో రాసిపెట్టండి, అదీ వలస లెక్కే.

ఏప్రిల్ చివర, మే నెలల్లో పొన్నంకి పిట్ట, అదే ఆకుపచ్చ వీపు, తోక కింద ఎర్రగా, పొట్టి తోకతో ఉండేది, రాత్రి ప్రయాణంలో అలిసిపోయి ఇళ్లలోకి, వరండాల్లోకి వచ్చి పడిపోతుంది. కంగారు పడొద్దు. గాలాడేలా నాలుగు చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో పాత గుడ్డ వేసి అందులో ఉంచి, చీకటిగా, చల్లగా ఉండే మూల పెట్టండి. నోట్లో నీళ్లు పోయొద్దు, అన్నం పెట్టొద్దు, పిల్లలకి చూపిస్తూ మాటిమాటికీ మూత తీయొద్దు. పొద్దుగూకే ముందు కుక్కలూ పిల్లులూ లేని చెట్ల కిందికి తీసుకుపోయి పెట్టె మూత తీసి దూరం జరగండి. రెక్క వేలాడుతుంటే, లేదా అప్పటికీ లేవకపోతే ఫారెస్టు ఆఫీసుకి గానీ పశువుల డాక్టరుకి గానీ ఇవ్వండి.